రెండు భ్రమణముల పొత్తు

జగిత్యాల మామిడి రైతులకు మైలుతుత్తమును మేము పరిచయము చేయనక్కరలేదు. దానిని సున్నముతో కలిపి, తెగుళ్ల నివారణకు బోర్డో మిశ్రమము సిద్ధము చేయుదురు. ఆ నీలిస్ఫటికమును వేడిచేసినచో తెల్లని పొడి యగునని, నీటిచుక్క పడగానే మరల నీలమగునని కోరుట్ల బడిపిల్లలును చెప్పగలరు. రాగి ఎక్కడికిని పోలేదు. పోయి వచ్చినది నీరు. కావున ఆ నీలము రాగి ఒక్కదానిది కాదు, రాగియు దానిని చుట్టుకొనిన నీటి అణువులును కూడిన కూటమిది. రాగి, ఇనుము, కోబాల్టు వంటివి పరివర్తన లోహములు. ఇట్టి కూటములు సంశ్లిష్ట సమ్మేళనములు.

వీనిలో ఎలక్ట్రాను నడవడి విచిత్రమైనది. అది కేంద్రకము చుట్టు తిరుగును. అదిగాక, స్వభ్రమణమను గుణముచే తానే ఒక చిన్న అయస్కాంతము. బొంగరముతో పోల్చుట సౌకర్యమే గాని యథార్థము కాదు. ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ అను యువకులు దీనిని 1925లో ప్రతిపాదించిరి. (కాంతికణమునకును స్వభ్రమణ మున్నదనుటకు 1931లో రామన్‌తో కలసి ప్రయోగ నిదర్శనము చూపినవారు సూరి భగవంతముగారు.)

మన రేడియో స్పీకరులోని తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినపుడు అయస్కాంతబలము పుట్టును. ఎలక్ట్రానుపై కూర్చుండి చూడగలిగినచో, ధనావేశము గల కేంద్రకమే మన చుట్టు తిరుగుచున్నట్లు కనబడును. భూమిపై నున్న మనకు సూర్యుడు తిరుగుచున్నట్లు తోచుట లేదా! తిరుగు ఆవేశము విద్యుత్ప్రవాహమే గదా. దానివలన పుట్టిన అయస్కాంతబలము ఎలక్ట్రాను అయస్కాంతమును ప్రభావితము చేయును. ఇదియే స్వభ్రమణ-కక్ష్యా సంయోగము.

రాగి సమ్మేళనములలో దీని జాడ కొలతకు దొరకును. అందు జంటలేని ఎలక్ట్రాను ఒక్కటి. స్వభ్రమణము మాత్రమే లెక్కించిన, దాని అయస్కాంత భ్రామకము బోర్ మాగ్నెటాను అను కొలమానమున 1.73 కావలె, కొలిచినచో తరచు 1.9 దరిదాపున వచ్చును. చుట్టునున్న అణువులు అణచివేసిన కక్ష్యాభ్రమణములో కొంత ఈ సంయోగముచే తిరిగి లభించుటయే ఆ హెచ్చునకు కారణము.

కేంద్రకమున ఆవేశము పెరిగినకొలది సంయోగము బహువేగముగా బలపడును. రాగి పరమాణు సంఖ్య 29, ఇరిడియమునకు 77. ఆ బలముతో ఏమి పని యందురా? సిరిసిల్లలో మరమగ్గములపై రాత్రి షిఫ్టు ముగించిన కార్మికుడు తన ఫోను చూచుకొనును. అది ఓలెడ్ తెర గలదైనచో, అందలి ఎరుపు, ఆకుపచ్చ వెలుగులు సాధారణముగా ఇరిడియము చలువయే.

విద్యుత్తుచే ఉద్రేకము పొందిన ప్రతి నాలుగు అణువులలో సగటున మూడింట రెండు ఎలక్ట్రానుల స్వభ్రమణములు ఒకే దిశ నుండును. కాంతినిచ్చి శాంతించుటకు వానిలో ఒకటి తిరగబడవలె. తేలికైన అణువులలో అది దాదాపు నిషిద్ధము. శక్తి వేడియై వ్యర్థమగును. ఇరిడియము నడుమ నున్నచో సంయోగము ఆ నిషేధమును సడలించును. సెకనులో పదిలక్షవ వంతు దరిదాపున కాంతి వెలువడును. ఫారెస్ట్, థాంప్సన్ బృందములు దీనిని 1998లో ప్లాటినముతోను, మరుసటి యేట ఇరిడియముతోను సాధించి చూపిరి. నాలుగింట ఒకటి వెలిగినచోట నాలుగును వెలుగ సాధ్యమైనది. బ్యాటరీకి అంత ఆదా.

నీలము మాత్రము మొండికెత్తినది. నీలకాంతికి శక్తి హెచ్చుగా కావలె. అంత శక్తిని మోయు ఇరిడియము సమ్మేళనములు త్వరగా చెడును. అందుచే చాల తెరలలో నీలమునకు ఇరిడియము లేని అణువులనే వాడుచు వచ్చిరి.