పారవేయలేని మనస్సు

గోదావరిఖని క్వార్టర్లలో పదవీ విరమణ అంటే ఉద్యోగాన్ని విడుచుట మాత్రమే కాదు, కంపెనీ ఇచ్చిన ఇంటిని కూడా విడువవలెను. ఆ గడువు సమీపించినప్పుడు కొన్ని ఇండ్లలో ఒక చిక్కు బయటపడుతుంది. ముప్పై ఏండ్లుగా చేరిన పాత బూట్లు, పగిలిన బకెట్లు, కిరసనాయిలు డబ్బాలు, పత్రికల కట్టలు, తుప్పుపట్టిన సైకిలు చక్రాలు గదులను నింపి ఉంటాయి. వాటిపై బొగ్గుదుమ్ము పేరుకొని ఉంటుంది. ఇంటి పెద్ద మాత్రం ఒక్క సీసామూతను సైతం కబాడీవానికి ఇవ్వనీయడు.

లోకులు దీనిని పిసినారితనమనో, సోమరితనమనో నిందిస్తారు. వైద్యశాస్త్రం అలా అనదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన రోగనిర్ధారణ గ్రంథపు ఐదవ కూర్పులో దీనిని ప్రత్యేక రుగ్మతగా గుర్తించినది. వస్తువులు మెండుగా ఉండుటయే వ్యాధి కాదు. తపాలా బిళ్ళలు సేకరించేవాడు వాటిని అమర్చి, నలుగురికీ చూపి సంతోషిస్తాడు. ఇక్కడ అలా కాదు. విలువతో నిమిత్తం లేకుండా దేనిని విడువబోయినా తీవ్రమైన వేదన కలుగుతుంది. వంటగది వంటకు, మంచం నిద్రకు పనికిరాకుండా పోతాయి. వయస్సుతో ఇది ముదురుతుంది. న్యూయార్కులో 1947లో కాల్యర్ సోదరులు తమ ఇంటిలోనే మరణించగా, అక్కడినుండి నూరు టన్నులకు పైగా సామాను తీయవలసి వచ్చినది. తమ్ముడు లాంగ్లీ కూలిన కట్టల క్రింద నలిగిపోయినాడు. అతనిపైనే ఆధారపడిన అంధుడైన అన్న హోమర్ తిండి లేక మరణించినాడు.

తండ్రి ఊరికి వెళ్ళిన రోజున కొడుకులు ట్రాక్టరు పిలిపించి సామాను తరలించుట తరచుగా తట్టే ఉపాయం. ఇంతకంటె హానికరమైనది లేదు. గది కొన్ని నెలలలో మరల నిండుతుంది, పోయిన నమ్మకం మాత్రం తిరిగి రాదు.

మొదట ప్రమాదాన్ని తొలగించవలెను: పొయ్యి చుట్టూ కాగితాలు, కరెంటు మీటరుకు అడ్డుగా ఉన్న మూటలు, స్నానాలగదికి పోయే దారి. ఇందులో వాదనకు తావు తక్కువ. పిదప కాగితాల వంతు. ఇక్కడ వృద్ధుని పట్టుదల సగం న్యాయమే. బొగ్గుగనుల భవిష్యనిధి చట్టం 1948 నాటిది, పింఛను పథకం 1998 నాటిది. ఆ లెక్కలలో తేడా వస్తే పాత వేతన చీటీయే సాక్ష్యం. కనుక ఆయనను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, సర్వీసు కాగితాలన్నిటినీ ఒక ఫైలులో చేర్చవలెను. దాచవలసినవి నిజంగానే దాచబడినవని కన్నులారా చూచినవాడు మిగిలిన వాటిపై పట్టు కొంత సడలిస్తాడు.

అటుపై ఒక పూటకు ఒక అర, ఒక మూట. నిర్ణయం ఆయనదే. ‘ఈ చెత్తెందుకు?’ అనరాదు. ‘బాపూ, ఇది మనకు మళ్ళ ఎప్పుడు పనికొస్తది?’ అని గాని, ‘అబ్బా, ఇది ఎవరికన్నా ఇద్దామా?’ అని గాని అడుగవచ్చును. పది టార్చిలైట్లలో ఒకటి ఉంచుకొనుటకు ఒప్పుకొంటే ఆ రోజుకు అదే గొప్ప. ఖాళీ అయిన మూలకు క్రొత్త సామాను రాకుండా చూచుట అంతకంటె కష్టం, ఎందుకనగా సంతలో ఉచితంగా దొరికిన సంచిని కూడా కాదనలేని స్వభావమిది.

వేదన మితిమీరినప్పుడు ఇంటివారి ఓర్పు చాలదు. ఆలోచనా సరళిని క్రమంగా మార్చే చికిత్స నెలల తరబడి సాగవలెను. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే ఉచిత సలహా లభిస్తుంది. క్వార్టరు విడువవలసినవారు విరమణకు కనీసం ఒక సంవత్సరం ముందే పని మొదలుపెట్టుట మంచిది; మొదటి ఆదివారానికి వంటగది అలమారలో ఒక్క అర చాలును.