క్యూసీ ల్యాబ్ ఇంటర్వ్యూ: "రిజల్ట్ ఫెయిల్ అయింది, ఏం చేస్తారు?" అని అడిగితే ఏం చెప్పాలి

బీఎస్సీ, ఎంఎస్సీ కెమిస్ట్రీ, బీఫార్మసీ చేసి ఫార్మా ల్యాబ్ ఇంటర్వ్యూలకి తిరుగుతున్నవాళ్లు చాలామంది ఈ వీడియో అడిగారు. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, వైజాగ్ దగ్గర పరవాడ... వాకిన్ ఎక్కడ పెట్టినా పొద్దున్నే ఫైల్ పట్టుకుని లైన్లో నిలబడేది మీరే కదా. నేను బీటెక్ చేసిన సాఫ్ట్‌వేర్ వాడిని. అందుకే క్యూసీలో పనిచేసే ఫ్రెండ్స్‌ని, ఈమధ్య ఇంటర్వ్యూలకి వెళ్లొచ్చినవాళ్లని కూర్చోబెట్టి అన్నీ అడిగి, ఇప్పుడు మీకు చెప్తున్నాను.

ముందు బేసిక్స్. 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక లీటర్ ఎలా చేస్తావు అంటారు. గాఢ యాసిడ్ సుమారు 12 నార్మల్ ఉంటుంది. ఎన్1వీ1 = ఎన్2వీ2 వేస్తే 8.3 మి.లీ. వస్తుంది. లెక్క చెప్పి ఆగిపోకండి. ముందు నీళ్లు తీసుకుని అందులో యాసిడ్ కలుపుతాను, తర్వాత స్టాండర్డైజ్ చేసి అసలు నార్మాలిటీ కనుక్కుంటాను అని కూడా చెప్పాలి. ఆ రెండో ముక్క చెప్తేనే మీరు బెంచ్ దగ్గర నిలబడి పని చేశారని వాళ్లకి అర్థమవుతుంది. హెచ్‌పీఎల్‌సీ అంటే సిస్టమ్ సూటబిలిటీ అడుగుతారు. శాంపిల్ ఎక్కించే ముందు స్టాండర్డ్‌ని సాధారణంగా ఐదారు సార్లు ఇంజెక్ట్ చేసి, పీక్ ఏరియాల్లో తేడా మెథడ్ ఇచ్చిన లిమిట్ లోపల ఉందా అని చూస్తాం. చాలా మెథడ్స్‌లో ఆర్‌ఎస్‌డీ 2 శాతం దాటకూడదని ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. "టాబ్లెట్ అస్సే లిమిట్ 95 నుంచి 105 శాతం. నీకు 93.8 వచ్చింది. ఏం చేస్తావు?"

ఎక్కువమంది ఫ్రెషర్స్ వెంటనే "మళ్లీ టెస్ట్ చేస్తాను సార్" అంటారు. ఇంటర్వ్యూ అక్కడే అయిపోతుంది. ఎందుకో చూడండి. రెండోసారి 96.4 వచ్చిందనుకుందాం. రెండూ కలిపి సగటు తీస్తే 95.1. పాస్! కానీ ఆ 93.8 ఎందుకు వచ్చిందో ఎవరికీ తెలియదు. మందు బయటికి వెళ్లిపోతుంది, దాన్ని మింగేది మన అమ్మానాన్నల్లాంటి వాళ్లే.

సాఫ్ట్‌వేర్‌లో టెస్ట్ ఫెయిల్ అయితే కోడ్ సరిచేసి మళ్లీ రన్ చేస్తాం. ఇక్కడ టాబ్లెట్లు ఆల్రెడీ తయారైపోయాయి. ల్యాబ్‌లో కూర్చున్న మనిషి వాటిని మార్చలేడు, ఉన్నది ఉన్నట్టు చెప్పగలడు, అంతే.

మరి ఏం చెప్పాలి? వరుసగా చెప్పండి. ఒకటి, వెంటనే సూపర్‌వైజర్‌కి చెప్తాను. రెండు, తయారు చేసిన ద్రావణాలు, వాడిన గ్లాస్‌వేర్ పారబోయను, అలాగే ఉంచుతాను. మూడు, ఇద్దరం కలిసి తూకం, డైల్యూషన్, లెక్కలు, క్రొమటోగ్రామ్, ఇన్‌స్ట్రుమెంట్ క్యాలిబ్రేషన్ చూస్తాం. ల్యాబ్‌లో తప్పు ఆధారంతో సహా దొరికితేనే ఆ రిజల్ట్‌ని పక్కన పెడతాం. దొరక్కపోతే అది అలాగే రికార్డులో ఉంటుంది, విచారణ ప్రొడక్షన్ దాకా వెళ్తుంది. రీటెస్ట్ ఉంటుంది, కానీ ఎవరు చేయాలి, ఎన్నిసార్లు చేయాలి అనేది ఎస్‌ఓపీలో ముందే రాసి ఉంటుంది. పాస్ అయ్యేదాకా చేస్తూ పోవడం ఉండదు.

దీన్నే ఓఓఎస్, అంటే అవుట్ ఆఫ్ స్పెసిఫికేషన్ అంటారు. దీని వెనక ఒక కేసు ఉంది. 1993లో అమెరికాలో బార్ ల్యాబొరేటరీస్ అనే మందుల కంపెనీ కేసులో ఫెడరల్ కోర్టు, ఫెయిలైన రిజల్ట్‌ని విచారణ లేకుండా రీటెస్టులతో కొట్టేయడం కుదరదని తేల్చింది. తర్వాత 2006లో ఎఫ్‌డీఏ ఓఓఎస్ మీద గైడెన్స్ ఇచ్చింది, 2022లో దాన్ని సవరించింది. మన దగ్గర చాలా కంపెనీలు అమెరికాకి మందులు పంపుతాయి కాబట్టి ఇక్కడి ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వస్తుంది.

దీని తర్వాత డేటా ఇంటెగ్రిటీ. అంకె తప్పు రాస్తే వైట్‌నర్ వాడకూడదు. కింద ఉన్నది కనపడేలా ఒక్క గీత కొట్టి, సరైనది రాసి, కారణం, సంతకం, తేదీ వేయాలి. "సీనియర్ నీ పాస్‌వర్డ్ అడిగితే ఇస్తావా?" అంటారు. ఇవ్వను అనే చెప్పండి. మీ లాగిన్‌తో ఎవరు ఏం చేసినా రికార్డులో పడేది మీ పేరే.

చివరగా ఒక మాట. కొంతమందిని "పని ఎక్కువున్నప్పుడు కొంచెం అడ్జస్ట్ అవుతావా?" అని అడిగారట. షిఫ్ట్ గురించా, రిజల్ట్ గురించా అని మర్యాదగానే అడగండి. షిఫ్ట్ అయితే మీ ఇష్టం. రిజల్ట్ గురించి అయితే "లేదు సార్, ఎస్‌ఓపీ ప్రకారమే చేస్తాను" అనండి. ఇంట్లో పరిస్థితి చూస్తే ఉద్యోగం ఎంత అవసరమో నాకు తెలుసు. కానీ రేపు ఆడిట్‌లో దొరికితే సంతకం మీది. అలాంటి ల్యాబ్ కాకపోతే ఇంకో ల్యాబ్ చూసుకోవచ్చు.

ఇంటర్వ్యూకి వెళ్లే ముందు ఆ 93.8 జవాబు ఒకసారి పైకి చెప్పుకుని ప్రాక్టీస్ చేయండి. ఆల్ ది బెస్ట్ ఫ్రెండ్స్, నెక్స్ట్ వీడియోలో కలుద్దాం.