మెడ చాచి చూసే తహతహ

ఉత్కంఠ అనగానే చివరి ఓవరు దాకా సాగిన మ్యాచ్ గుర్తొస్తుంది. సంస్కృతంలో ఆ మాట తీరు వేరు. ‘ఉత్’ అంటే పైకి, ‘కంఠం’ అంటే మెడ. రావలసినవారి కోసం మెడ చాచి ఎదురుచూడడం, ఎడబాటులో పడే తహతహే ఉత్కంఠ.

నాట్యశాస్త్రం చెప్పిన అష్టవిధ నాయికల్లో విరహోత్కంఠిత ఒకరు. ప్రియుడి రాక ఆలస్యమై తల్లడిల్లే స్త్రీ ఆమె.

తెలుగు కావ్యాల్లో ఈ ఆరాటానికి నిండైన రూపం గోదాదేవి. రంగనాథుణ్ణే మగడిగా కోరి పరితపించిన ఆమె కథను శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’గా మలిచాడు.

వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్‌లో, రంగసముద్రం చెరువు ఒడ్డున వనపర్తి సంస్థానాధీశులు కట్టించిన గుడిలో రంగనాయకుడిగా కొలువైనది ఆ రంగనాథుడే. ధనుర్మాసంలో వైష్ణవాలయాల్లో గోదాదేవి పాడిన తిరుప్పావైలోని 30 పాశురాలను రోజుకొకటిగా పాడతారు. భోగినాడు గోదా కల్యాణం జరిపిస్తారు.