కారు... కారుతోందా?

పాత డీజిలు కారు ఉన్న ఇంట్లో పొద్దున్నే జరిగే తంతు ఒకటుంది. తాళం తిప్పగానే ఇంజిన్ చటుక్కున అందుకుంటుంది. 'హమ్మయ్య' అనుకునేలోపే రెండు క్షణాలు ఊగి, దగ్గి, ఆగిపోతుంది. మళ్లీ తిప్పితే స్టార్టర్ తిరుగుతుందే తప్ప బండికి ప్రాణం రాదు. అవతల పిల్లలు బడి సంచులతో నిలబడి ఉంటారు. 'బ్యాటరీ పోయినట్టుందండీ' అంటాడు పక్కింటాయన. 'హీటర్ ప్లగ్గులు మార్పించండి' అంటాడు ఎదురింటాయన. ఇద్దరి మాటా విని రెండూ మార్పించినా మర్నాడు మళ్లీ అదే వరస. అసలు దొంగ ఇంకెక్కడో ఉంటాడు. ఫిల్టరు మీది రాగి వాషరులోనో, జానెడు రబ్బరు పైపులోనో!

అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. డీజిల్ జెన్‌లు, ఎస్టీమ్‌లు, తొలి ఇండికాలు, సుమోలు షోరూముల్లోంచి ఎప్పుడో వెళ్లిపోయాయి. కానీ మన ఊళ్లలో అవి ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. పదిహేనేళ్లు దాటినా ఫిట్‌నెస్ చూపించి, రిజిస్ట్రేషన్ పొడిగించుకుని వాటితోనే నెట్టుకొచ్చే కుటుంబాలున్నాయి. అలాంటి బండి కింద ఓ చిన్న నల్లమరక కనిపిస్తే 'పాతబడింది కదా, ఆ మాత్రం కారదా' అని సరిపెట్టుకోవడం చాలామందికి అలవాటు.

సెకనుకు ఒక్క బొట్టు చొప్పున రోజంతా కారితే నాలుగు లీటర్లు దాటుతుంది. డబ్బు సంగతి అలా ఉంచితే, పెట్రోలులా డీజిల్ ఆవిరైపోదు. రోడ్డు మీద పొరలా పరుచుకుని ఉండిపోతుంది. మలుపులో మీ వెనకే స్కూటరు మీద వచ్చే మనిషి జారిపడటానికి ఆ పొర చాలు. ఇంజిన్ లోపల అయితే రేడియేటర్ గొట్టాలను, ఇంజిన్ కింది రబ్బరు దిమ్మలను ఉబ్బేలా చేస్తుంది. బెల్టుల మీద పడితే వాటినీ పాడుచేస్తుంది. డీజిల్‌కి తేలిగ్గా నిప్పంటుకోదన్న మాట నిజమే, అయితే అది గిన్నెలో ఉన్న డీజిల్ సంగతి. పగిలిన పైపులోంచి తుంపరగా చిమ్మి, కాలుతున్న పొగగొట్టం మీద పడే డీజిల్‌కి ఆ మాట వర్తించదు.

డీజిలు మారింది... రబ్బరు మారలేదు

నిన్నమొన్నటిదాకా చక్కగా ఉన్న పంపు ఉన్నట్టుండి ఎందుకు చెమరుస్తుంది? వయసు ఒక కారణం. మరో కారణం బంకులోనే ఉంది. 1990ల మధ్యదాకా మన డీజిల్‌లో గంధకం ఒక శాతం వరకూ ఉండేది. దాన్ని విడతలు విడతలుగా తగ్గిస్తూ వచ్చారు. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-6 వచ్చాక పది లక్షల పాళ్లకు పది పాళ్లు మించకూడదన్నారు. అంటే వెయ్యో వంతుకు దిగింది. ఊపిరితిత్తులకు ఇది మంచి కబురే. కానీ గంధకం తీసే శుద్ధిలో డీజిల్‌లోని ఆరోమాటిక్ పదార్థాలు కూడా కొంత తగ్గుతాయి. పాత బళ్లలో వాడిన నైట్రైల్ రబ్బరు సీళ్లు ఏళ్ల తరబడి ఆ పదార్థాలను పీల్చుకుని కాస్త ఉబ్బి ఉంటాయి. ఆ ఉబ్బే వాటిని బిగువుగా పట్టి ఉంచుతుంది. కొత్తరకం డీజిల్ తగలగానే ఉబ్బు తగ్గి సీలు ముడుచుకుంటుంది. సందు దొరికితే డీజిల్ ఊరుకుంటుందా!

ఇది మనకు మాత్రమే వచ్చిన తంటా కాదు. గంధకం తగ్గించిన డీజిల్‌ని 1993లో అమెరికాలో ప్రవేశపెట్టినప్పుడు కూడా పాత వాహనాల పంపులు ఇలాగే కారాయి. విరుగుడు కూడా అప్పుడే తేలింది. విటాన్ అనే రకం రబ్బరుతో చేసిన సీళ్లు వేస్తే చాలు. పంపు విప్పించుకునేవాళ్లు ఈ ఒక్క మాట అడిగి తీరాలి. 'సీల్ కిట్ మార్చాం' అంటే సరిపోదు, ఏ రబ్బరుతో చేసిన కిట్టో తెలియాలి.

తడి కనిపించని లీకు

పాత డీజిలు కారులో ఇంధనం మూడు దారుల్లో నడుస్తుంది. ట్యాంకు నుంచి ఫిల్టరు మీదుగా పంపుదాకా వచ్చేది ఒకటి. పంపు నుంచి ఒక్కో నాజిల్‌కీ వెళ్లే సన్నని ఉక్కు పైపులది రెండోది. నాజిళ్లలో మిగిలిన డీజిల్‌ని తిరిగి వెనక్కి పంపే రిటర్న్ పైపు మూడోది. ఏ దారిలో లీకున్నా లక్షణం ఒకేలా ఉంటుందనుకోవడమే తొలి పొరపాటు.

ట్యాంకు వైపు పైపులో డీజిల్‌ని పంపు లాక్కుంటుంది. అంటే అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి కారకపోవచ్చు, గాలే లోపలికి పోతుంది. తెల్లారి స్టార్టయి ఆగిపోయే బండికి చాలాసార్లు ఇదే జబ్బు. రాత్రంతా గాలి చేరి డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. పైపులో మిగిలిన కాస్తతో ఇంజిన్ అందుకుని, అది అయిపోగానే ఆగుతుంది. ఈ జబ్బు పట్టుకోవడానికి ఆటోనగర్లలో పాత చిట్కా ఒకటుంది. పంపు ముందు జానెడు తెల్లటి ప్లాస్టిక్ పైపు కలిపి ఇంజిన్ నడుపుతారు. అద్దంలా కనిపించే ఆ పైపులో బుడగలు పరుగెడుతుంటే దొంగ దొరికినట్టే. అయితే ఆ పైపు పరీక్షకే పనికొస్తుంది. దాన్నే బండికి ఉంచేస్తే కొన్నాళ్లకు డీజిల్‌కి బిరుసెక్కి చిట్లిపోతుంది.

బయటికి కారే లీకుని పట్టాలంటే ముందు ఇంజిన్ కడగాలి. ఏళ్ల జిడ్డు మీద కొత్త తడి ఎక్కడిదో బ్రహ్మదేవుడికైనా తెలియదు. కడిగి, ఆరనిచ్చి, కీళ్ల మీద ముఖానికి రాసుకునే పౌడరే కాస్త చల్లి, ఇంజిన్‌ని కొద్దిసేపు తిప్పి ఆపేస్తే సరి. పౌడరు ముందుగా ఎక్కడ తడిస్తే లీకు అక్కడ. కిందికి జారిన తడిని చూసి మోసపోకుండా, తడి మొదలైన పైచోటు చూడాలి.

మరమ్మతులన్నిట్లో చవకైనది రిటర్న్ పైపుది. పెన్సిలంత లావుండే ఈ నూలు అల్లిక పైపు ఇంజిన్ వేడికి ఎండిపోయి, వంచితే పగుళ్లు చూపిస్తుంది. ఒక ముక్క పగిలితే మిగతావీ అదే వయసువని గుర్తుంచుకుని అన్నీ ఒకేసారి మార్చేయడం మేలు. కొలతలో అరమిల్లీమీటరు తేడా ఉన్నా పట్టు దొరకదు. అందుకే పాత ముక్కను దుకాణానికి తీసుకెళ్లాలి.

రాగి వాషర్ల కథ వేరు. బోల్టు బిగించినప్పుడు రాగి మెత్తగా నలిగి సందు మూస్తుంది. ఒకసారి నలిగితే గట్టిపడుతుంది, రెండోసారి నలగదు. విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాలన్నది అందుకే. కొత్తది దొరకని ఊళ్లో పాతదాన్ని ఎర్రగా కాల్చి చల్లారిస్తే రాగి మళ్లీ మెత్తబడుతుంది. పైపొర గీరి, గీతలు లేవని చూసుకుని వాడుకోవచ్చు. పాత మెకానిక్కులు చేసే ఈ పని లోహశాస్త్రానికి సరిగ్గా సరిపోతుంది. గీతలు పడితే మాత్రం పారేయాల్సిందే.

ఇక మనవాళ్ల 'తాత్కాలిక' ఉపాయాలు. ట్యాంకు చిల్లుకి బట్టల సబ్బు మెత్తడం దారిలో ఇంటికి చేరేదాకా పనిచేస్తుంది. సైకిల్ ట్యూబు ముక్క చుట్టడం అంతకూడా పనిచేయదు. ఆ రబ్బరు డీజిల్‌కి ఉబ్బి జారిపోతుంది. నీళ్ల పైపులకు చుట్టే తెల్ల టేపు అన్నిటికన్నా చేటు. దాని పోగులు ఊడి పంపులోకో నాజిల్లోకో చేరితే వందల్లో పోయేది వేలల్లోకి పాకుతుంది.

ఆ పైపు జోలికి చెయ్యి పోకూడదు

పంపు నుంచి నాజిళ్లకు వెళ్లే ఉక్కు పైపుల దగ్గర మాత్రం ఆటలొద్దు. పాతరకం ఇంజిన్లలోనే నాజిల్ తెరుచుకోవడానికి వంద బార్‌కి పైగా ఒత్తిడి కావాలి. కారు టైరులో ఉండేది రెండు బార్లకు కాస్త అటూఇటూ. అలాంటి పైపుకి వెంట్రుకంత చీలిక వస్తే అందులోంచి చిమ్మే డీజిల్ కంటికి సరిగా కనిపించదు, చర్మాన్ని మాత్రం సూదిలా చీల్చుకుపోతుంది. వేలితో తడిమి లీకు వెతికేవాళ్లకు జరిగే ప్రమాదం ఇదే. గాయం ముల్లు గుచ్చుకున్నంతే ఉంటుంది. మొదట్లో నొప్పి కూడా ఉండకపోవచ్చు. పసుపు రాసి ఊరుకుంటారు. కొన్ని గంటల్లో వేలు ఉబ్బి, లోపలి కండ చచ్చుబడటం మొదలవుతుంది. ఆలస్యమైతే వేలు తీసేయాల్సి రావచ్చు. అందుకే గాయం ఎంత చిన్నదైనా వెంటనే ఆస్పత్రికి వెళ్లి, ఒత్తిడితో డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకి స్పష్టంగా చెప్పాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆ పైపుల దగ్గర లీకు వెతకాలంటే కళ్లజోడు పెట్టుకుని, దూరంగా అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి.

ఈ ఉక్కు పైపుకి వెల్డింగ్, అతుకు ఏవీ పనికిరావు. కొత్తది వేయాలి. నాలుగు పైపులూ ఒకే పొడవుండేలా చేయడం వెనక లెక్క ఉంది. నాలుగు నాజిళ్లకూ డీజిల్ ఒకే వ్యవధిలో చేరాలి కాబట్టి, వంకరలు సాఫు చేసి పొట్టి పైపు బిగించడం కుదరదు. పైపులను కలిపి పట్టుకునే చిన్న క్లిప్పులు ఊడిపోతే వాటిని తేలిగ్గా తీసుకోవద్దు. అదురుకి పైపు చీలేది ఎక్కువగా అవి లేకపోవడం వల్లనే. ఒత్తిడి వెయ్యి బార్లు దాటే ఆ తర్వాతి తరం కామన్ రైల్ ఇంజిన్లకైతే ఇంట్లో స్పానరే పెట్టకూడదు.

పైపు మార్చాక లోపలి గాలి తీయాలి. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపుని నొక్కుతూ ఉంటే మొదట నురగ, తర్వాత బుడగల్లేని డీజిల్ వస్తుంది. అప్పుడు బిగించి, పంపు మీది స్క్రూ దగ్గరా అదే చేయాలి. ఇంత ఓపిక లేక కొందరు పైపు నోట్లో పెట్టుకుని డీజిల్ పీలుస్తారు. ఊపిరితిత్తుల్లోకి పోయిన ఒక్క గుక్క చాలు, న్యుమోనియాతో మంచాన పడటానికి. మింగితే వాంతి చేయించకూడదు, ఆ వాంతిలోనే డీజిల్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

కొత్త రబ్బరు పైపు వేసిన వారం తర్వాత క్లిప్పులు ఒకసారి చూసి, వదులైతే పావు చుట్టు బిగించాలి. అంతకు మించితే క్లిప్పు అంచే పైపుని కోస్తుంది. దూర ప్రయాణాలు చేసేవాళ్లు డ్యాష్‌బోర్డు అరలో నాలుగు రాగి వాషర్లు, మూరెడు డీజిల్ పైపు, రెండు క్లిప్పులు, ఒక గుడ్డపీలిక ఉంచుకుంటే అర్ధరాత్రి హైవే పక్కన మెకానిక్ కోసం తెల్లారేదాకా కాపలా కాయాల్సిన పని ఉండదు.