బండ మీది భయం

భువనగిరికి వచ్చేవారికి అల్లంత దూరం నుండే కనిపించేది, ఏకశిలగా నిలిచిన కోటగుట్ట. పశ్చిమ చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుని బిరుదు మీద దీనికి త్రిభువనగిరి అనే పేరు వచ్చిందనీ, అదే కాలక్రమంలో భువనగిరి అయిందనీ చెబుతారు. ఈ కోటను చూడబోయిన విద్యార్థి బృందాలలో సగం దూరం ఎక్కి, వెనుదిరిగి క్రిందికి చూసి, మెట్టు మీదనే కూలబడిపోయేవారు ఒకరైనా ఉంటారు. తోటివారు నవ్వుతారు. అది తెలియక నవ్వే నవ్వు.

ప్రమాదం ఎదురైనప్పుడు భయపడడం ప్రాణిసహజం. ప్రమాదం లేదని బుద్ధికి తెలిసినా దేహం వినకపోవడం ఫోబియా. ఎత్తు, చీకటి, కుక్క, బల్లి, ఇరుకు గది, సూది - దేనినైనా అది ఆశ్రయించవచ్చు. భరతుడు నాట్యశాస్త్రంలో భయాన్ని భయానక రసానికి స్థాయీభావంగా నిరూపించాడు. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభంగం, వేపథువు, వైవర్ణ్యం మొదలైన సాత్త్విక భావాలను ఎనిమిదింటిని పేర్కొన్నాడు. మెట్టు మీద కూలబడిన విద్యార్థిలో వీటిలో నాలుగైదు కనిపిస్తాయి. “భయపడకు” అని గద్దించినంత మాత్రాన చెమట ఆగదు, వణుకు తగ్గదు.

ఇటువంటి భయాలకు ‘ట్యాపింగ్’ అనే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. అమెరికాకు చెందిన రోజర్ కాలహాన్ ఆలోచనలను ఆధారం చేసుకొని, గ్యారీ క్రెయిగ్ 1990వ దశకంలో దీనిని రూపొందించాడు. భయాన్ని తలచుకొని, దానికి పదింటికి ఎన్ని మార్కులో చెప్పుకొని, కనుబొమ్మ మొదలు, కంటి క్రింద, గడ్డం, చంక క్రింద మొదలైన చోట్ల వ్రేళ్ళతో మెల్లగా తట్టుకోవడం ఇందులోని ప్రక్రియ. బృందంగా చేసేటప్పుడు ఒకరు తమ భయాన్ని చెబుతుంటే తక్కినవారు కూడా తట్టుకుంటారు. తల్లి బిడ్డను జోకొట్టడం మనకు కొత్త కాదు కనుక ఇది వింతగా తోచదు.

అయితే ఆ స్థానాలలో ప్రత్యేక శక్తి ఉందా? 2003లో కెనడాలో వెయిట్, హోల్డర్ అనే పరిశోధకులు 119 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులను పరీక్షించారు. కొందరు చెప్పిన చోట్ల తట్టుకున్నారు. కొందరు వేరే చోట్ల తట్టుకున్నారు. మరికొందరు ఒక బొమ్మను తట్టారు! మూడు వర్గాలలోనూ భయం తగ్గింది. ఏమీ తట్టని వర్గంలో తగ్గలేదు. కాబట్టి మహిమ స్థానాలది కాదు. భయపడే విషయాన్ని తప్పించుకోకుండా కొంతసేపు దానితో నిలవడం, చేతికొక పని ఉండడం వల్లనే ఆ ఫలితం కలిగిందని నా అభిప్రాయం.

దీనికి పూర్వమే, 1924లో, మేరీ కవర్ జోన్స్ ఒక ప్రయోగాన్ని ప్రకటించింది. పీటర్ అనే మూడేళ్ళ లోపు పసివాడికి కుందేలంటే భయం. వాడు ఇష్టమైన తినుబండారం తింటుండగా కుందేలును దూరంగా ఉంచి, క్రమక్రమంగా దగ్గరకు తెచ్చారు. కుందేలుకు భయపడని పిల్లలను కూడా వాడి ప్రక్కన ఆడించారు. చివరకు వాడు దానిని నిమిరాడు. నేటి మానసిక వైద్యులు అనుసరించే క్రమానుగత చికిత్సకు ఇది ఆది.

భువనగిరి బండ మీద శిలారోహణ శిక్షణలో జరిగేదీ ఇంచుమించు ఇదే. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మలావత్ పూర్ణ, అప్పటి ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ ఆనాడు గురుకుల పాఠశాలల విద్యార్థులు. శేఖర్ బాబు శిక్షణలో తోటి విద్యార్థులతో కలిసి వారు తొలి పాఠాలు నేర్చింది ఇక్కడే. మొదట ఈ బండను చూసి భయపడ్డానని పూర్ణ తరువాత చెప్పింది. ఆ తరువాత డార్జిలింగ్‌లో శిక్షణ పొంది, 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్టు శిఖరాన్ని చేరారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు.

ఒక్క మినహాయింపు. రక్తాన్ని, సూదిని చూసి సొమ్మసిల్లేవారిలో రక్తపోటు పడిపోతుంది. వారు ఒళ్ళు సడలించకూడదు. కాళ్ళు చేతులు బిగించాలి. భయం చదువుకు, నిత్యజీవితానికి అడ్డువస్తే వైద్యుని సంప్రదించవలసిందే.

ఇక, మెట్టు మీద కూలబడిన స్నేహితుని సంగతి. వణుకుతుండగానే అతనిని క్రిందికి దింపితే, క్రిందికి దిగడం వల్లనే బతికానని అతని దేహం నేర్చుకుంటుంది. భయం మరింత గట్టిపడుతుంది. ప్రక్కన కూర్చోండి. పదింటికి ఎన్ని మార్కులని అడగండి. ఎనిమిది అంటే, అది నాలుగుకు దిగేవరకు అక్కడే కబుర్లు చెప్పండి. కావాలంటే వ్రేళ్ళతో తట్టుకోనివ్వండి. తరువాత అతడు సరేనంటే ఇంకొక నాలుగు మెట్లు.