అంటుకునే జబ్బు కాదమ్మా!



ఒళ్ళంతా మెత్తని చిన్న చిన్న కాయలున్న మనిషి పక్కన కూర్చుంటే, కొంగు దగ్గరికి లాక్కుని జరిగిపోయేవాళ్ళు మనలో ఎందరో. అంటుకుంటుందేమోనని భయం. ఇది అంటువ్యాధి కాదు, పూర్వజన్మ పాపమూ కాదు. దీని పేరు న్యూరోఫైబ్రోమటోసిస్. ఇందులో రకాలున్నాయి, ఎక్కువగా కనబడే మొదటి రకం గురించి చెప్పుకుందాం. సుమారు 3000 మందిలో ఒకరికి ఇది ఉంటుంది.

కణాలు హద్దు మీరి పెరగకుండా పగ్గంలా పట్టి ఉంచే జన్యువు ఒకటి 17వ క్రోమోజోము మీద ఉంది. 1990లో దాన్ని గుర్తించారు. అది చెడితే పగ్గం వదులై, నరాల పొరల్లో కణుతులు లేస్తాయి.

మొదట కనిపెట్టగలిగేది తల్లే. బిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు చూడండి. పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలు, అర సెంటీమీటరుకు మించినవి, ఆరు గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి. ఒకటి రెండు మచ్చలు ఎంతోమందికి ఉంటాయి, కంగారు వద్దు. కాస్త ఎదిగాక చంకల్లో, గజ్జల్లో చిన్న చుక్కలు వస్తాయి. కాయలు సాధారణంగా ఈడొచ్చే వయసులో మొదలవుతాయి.

ఇక ఇంట్లో నింద మొదలవుతుంది. "గ్రహణం నాడు కదిలింది", "వాళ్ళ వంశంలోనే ఉంది" అని కోడలిని అంటారు. నిజానికి సుమారు సగం మందికి వంశంలో ఎవరికీ లేకుండానే కొత్తగా వస్తుంది. మిగతావారికి తల్లి నుంచైనా రావచ్చు, తండ్రి నుంచైనా రావచ్చు. ఇద్దరిలో ఒకరికి ఉంటే ప్రతి కాన్పులోనూ సగానికి సగం అవకాశం. మొదటి బిడ్డకు వచ్చింది కనుక రెండో బిడ్డకు రాదనే లెక్క కుదరదు. తండ్రికి మచ్చలతోనే సరిపోయినా బిడ్డకు తీవ్రంగా రావచ్చు. అందుకే సంబంధం కుదిర్చేటప్పుడు దాచకండి. పిల్లల్ని కనకముందే జన్యు విషయాలు తెలిసిన డాక్టరు సలహా తీసుకోవడం మేలు.

కాయల్ని గుర్రపు వెంట్రుకతో కట్టడం, సున్నంతో కాల్చడం చేయకండి. అవి పులిపిర్లు కావు. ఇబ్బంది పెట్టేవాటిని సర్జను తీస్తారు. ఏటా బిడ్డ కళ్ళు, వెన్నెముక, రక్తపు పోటు పరీక్ష చేయించండి. చదువులో వెనకబడితే మొద్దని కొట్టకండి; ఈ జబ్బున్న పిల్లల్లో చాలామందికి ఆ ఇబ్బంది ఉంటుంది, టీచరుకు చెప్పండి. ఏ కణితైనా గబగబా పెరిగినా, గట్టిపడినా, నిద్రపట్టనివ్వని నొప్పి పెట్టినా ఆలస్యం చేయకండి, కేన్సరు కావచ్చు. ఈ జబ్బున్న స్త్రీలు ముప్ఫయ్యో ఏట నుంచే ఏటా రొమ్ము పరీక్ష చేయించుకోవాలి. గర్భంతో ఉన్నప్పుడు కాయలు పెరగవచ్చు, బి.పి. కూడా కనిపెట్టి ఉండాలి.

పూర్తిగా నయం చేసే మందు లేదు. అయితే ఆపరేషనుకు లొంగని లోపలి కణుతులున్న పిల్లలకు సెల్యుమెటినిబ్ అనే మందును 2020లో అమెరికాలో అనుమతించారు. చాలామందిలో అది కణుతుల్ని కుదిస్తోంది.

మీ వీధిలో అలాంటి బిడ్డ ఉంటే మీ పిల్లల్ని కలిసి ఆడుకోనివ్వండి. ఆ బిడ్డ తల్లిని వంకలు అడగకండి, క్షేమం అడగండి.