కుక్క యేల నాకుకొనును?

మన యిండ్లలో పెరుగు జంతువులలో కుక్కవలె మనుష్యుని నమ్మి బ్రదుకునది మఱియొకటి లేదు. అయినను దానికి మాటలు లేవు. కాలు నొచ్చినను, చర్మము మండినను అది చెప్పుకొనజాలదు. చెప్పుకొనజాలని యా బాధను నాలుకతోను పండ్లతోను చూపును. గంటలకొలది యొకే చోట నాకుకొనుచు, కొఱుకుకొనుచు, గోకుకొనుచు నుండు కుక్కను మన విద్యార్థులలో పెక్కండ్రు చూచియే యుందురు. దానిని చెడ్డ యలవాటని గద్దించువారు కొందఱు. గజ్జికుక్క యని వీధిలోనికి తఱిమివేయువారు మఱికొందఱు. ఈ రెండును న్యాయములు కావు. ఇట్టి నాకుడునకు కారణములేవి, వానిని గుర్తించుటెట్లు, మనము చేయదగినదేమి, చేయరానిదేమి యను విషయములను ఈ వ్యాసమున క్రమముగా వివరింపబూనితిమి.

మొదట నొక మాట. నాకుకొనుట యెల్ల రోగము కాదు. తిన్న తరువాతను, వానలో తడిసి వచ్చినప్పుడును, పండుకొనబోవు ముందును కుక్క తన దేహమును కొంతసేపు నాకి శుభ్రము చేసికొనును. అది సహజము. కాని యొకే చోటును మాటిమాటికి నాకుట, పిలిచినను మానకుండుట, నిద్ర చెడుట, వెండ్రుకలూడి చర్మము ఎఱ్ఱబారుట, తడి, దుర్వాసన కలుగుట - ఇవి రోగలక్షణములు. తెల్లని కుక్కల పాదములయందు మఱియొక గుర్తు కనబడును. లాలాజలమునందలి యొక వర్ణపదార్థము వెండ్రుకలకంటి వానిని ఇటుకరంగునకు మార్చును. పాదములు అట్లు రంగు మారినచో, మనము చూడని వేళలయందును అది చాలసేపు నాకుకొనుచున్నదని తెలిసికొనవచ్చును.

కుక్క చర్మము మన చర్మమువంటిది కాదు. మనుష్యుని పైచర్మమున కణముల వరుసలు 10 మొదలు 15 వఱకు నుండగా, కుక్కకు 3 మొదలు 5 వఱకు మాత్రమే యుండును. వెండ్రుకలు దట్టముగా నుండుటచే ఆ చర్మము బలమైనదని మనము భ్రమపడుదుము గాని నిజమునకది మిక్కిలి పలుచనిది. అట్టి చర్మమును మాటిమాటికి నాకినయెడల పైపొర నాని చెడును. తడిసిన చోట సూక్ష్మజీవులు పెరుగును. అవి పెరిగినకొలది దురద హెచ్చును. దురద హెచ్చినకొలది నాకుడు హెచ్చును. ఇట్లు కారణము కార్యమగుచు, కార్యము మరల కారణమగుచు గానుగెద్దు నడకవలె తిరుగుచుండును. కావున మొదటి కారణము పోయిన పిదపకూడ నాకుడు నిలువకపోవచ్చును. చికిత్సకు రెండు పనులు కావలెను: మూలమును కనుగొనుట యొకటి, ఈ చక్రమును త్రెంచుట రెండవది.

మూలకారణములలో మొదట చూడవలసినవి పురుగులు. మిన్నల్లి యనునది రెక్కలు లేక దుముకుచు తిరుగు చిన్న పురుగు. ఇది తోక మొదటను నడుముపైనను ఎక్కువగా కఱచును. దాని లాలాజలము సరిపడని కుక్కకు కొద్దికాట్లే చాలును. దినములకొలది దురద పెట్టును. మిన్నల్లి కంటబడకున్నను దాని జాడ తెలిసికొను నుపాయమొకటి కలదు. తెల్లకాగితమును తడిపి, దానిపై రాలునట్లు కుక్క వెండ్రుకలను సన్నపండ్ల దువ్వెనతో దువ్వవలెను. రాలిన నల్లని నలుసులు తడికాగితముపై ఎఱ్ఱని చాయ విడిచినయెడల అవి మట్టి కావు, మిన్నల్లి విసర్జించిన రక్తము. ఈ పరీక్షను బాలురు సులభముగా చేయగలరు. మిన్నల్లి గ్రుడ్లు కుక్కపై నిలువక నేలపై రాలును. పిల్లపురుగులు నేలబీటలలోను, చాపలలోను పెరుగును. గూడు కట్టుకొన్న దశలో అవి నెలలకొలది దాగియుండగలవు. కావున కుక్కకు మాత్రము మందు వేసి, అది పండుకొను చోటును విడిచినచో ప్రయోజనము లేదు. పిడుదులు చెవులలోను, వ్రేళ్ల సందులలోను పట్టియుండును. ఇవి దురదయేగాక ప్రాణాంతకమగు జ్వరములనుకూడ కలిగించును. ఇక గజ్జిని కలిగించు పురుగు కంటికి కానరాదు. చెవుల యంచులును మోచేతులును పొక్కి, ఇంటివారికికూడ దురద మొదలైనచో దానిని శంకింపవలెను.

రెండవది ఎలర్జీ, అనగా దేహమునకు సరిపడని వస్తువులవలన కలుగు బాధ. ధూళిపురుగులు, పుప్పొడి, బూజు మొదలగునవి సరిపడని కుక్క పాదములను, చంకలను, పొట్టను నాకుకొనును, చెవులను గోకుకొనును. ఇది తఱచుగా ఆఱు నెలల ప్రాయమునకును మూడేండ్ల ప్రాయమునకును నడుమ మొదలగును. కొన్నింటికి పాలు, గోధుమ, కోడిమాంసము, గొడ్డుమాంసము మున్నగు ఆహారములలో నేదోయొకటి సరిపడకుండును. దీనిని తెలిసికొనుటకు అంతకుముందెన్నడును తినని ఆహారమును పశువైద్యుని సలహాపై కనీసము 8 వారములు పెట్టి చూడవలెను. ఆ 8 వారములలో పిల్లలు చాటున నొక బిస్కత్తు పెట్టినను పరీక్ష చెడిపోవును.

మూడవది నొప్పి. వ్రేళ్ల నడుమ గ్రుచ్చుకొన్న తుమ్మముల్లు, ముసలితనమున కీళ్లనొప్పి, పాత దెబ్బ - వీనివలన కుక్క నొప్పిగల చోటనే నాకుచుండును. మేమెఱిగిన యొక యింటి కుక్క కుడిపాదమును నెలదినములు నాకి పుండు చేసికొనెను. ఇంటివారు అది పనిలేని నాకుడని తలంచి, విసిగి, ఊరిబయట విడిచిరావలెనని నిశ్చయించుకొనిరి. చివరకొకనాడు పశువైద్యుడు పరీక్షింపగా వ్రేళ్ల సందున లోతుగా దిగిన ముల్లు కనబడెను. ముల్లు తీసిన కొన్ని వారములకు పుండు మానెను, నాకుడును మానెను. ఆ కుక్క నేటికిని ఆ యింటనే యున్నది. ఒక్కమాఱు పరీక్ష చేయించకుండినచో, ముల్లు చేసిన తప్పునకు కుక్క శిక్ష ననుభవించియుండును.

నాల్గవది మనస్సు. దినమంతయు పొట్టిగొలుసుతో కట్టబడియుండు కుక్కకును, మేడలోని గదిలో ఒంటరిగా మూయబడియుండు కుక్కకును ప్రొద్దుపోవు మార్గము లేదు. అట్టి కుక్క ముంగాలి మణికట్టునొద్ద నాకుచు నాకుచు దానినొక తీఱని పనిగా చేసికొనును. అచ్చట వెండ్రుకలూడి, చర్మము దళసరియై, నడుమ పుండు గల గట్టి గడ్డ లేచును. లాబ్రడారు, డాబర్మను మొదలగు పెద్దజాతులలో ఇది యెక్కువ. చేతులను పదే పదే కడుగుకొనక నిలువలేని మనుష్యుల వ్యాధికిని దీనికిని పోలిక యున్నదని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. అమెరికాలో జూడిత్ రాపొపోర్టను వైద్యురాలును ఆమె సహచరులును, ఆ మనుష్యులకిచ్చు క్లోమిప్రమైను అను మందు ఇట్టి కుక్కల నాకుడునుకూడ తగ్గించుచున్నదని 1992వ సంవత్సరమున ప్రకటించిరి. 2010లో నికొలాస్ డాడ్మను మొదలగువారు తమ ప్రక్కలను, దుప్పట్లను విడువక చప్పరించు డాబర్మను కుక్కలను శోధించి, ఆ చేష్టకు 7వ క్రోమోసోముపై నొక భాగముతో సంబంధము కలదని తెలిపిరి. కావున ఇది కుక్క మొండితనము కాదు. కుక్కతోక వంకర యను సామెత తోకకు చెల్లునుగాని నాలుకకు చెల్లదు. అయితే పురుగులు, ఎలర్జీ, నొప్పి లేవని తేలిన పిమ్మటనే మనస్సును కారణముగా నెంచవలెను. మనోవ్యాధి యగు గడ్డలోపలకూడ తఱచుగా సూక్ష్మజీవులు చేరియుండును గనుక రెంటికిని చికిత్స కావలెను.

ఇక చేయరాని పనులు. కిరసనాయిలు, కాలిన యింజను నూనె, ఫినాయిలు చర్మమునకు పూయరాదు. అవి పలుచని చర్మమును కాల్చును. కుక్క వానిని నాకుటచే విషము కడుపులోనికి పోవును. మనుష్యుల లేపనములకును ఇదే న్యాయము. పారాసిటమాలు, ఐబుప్రొఫెను వంటి మన నొప్పిమాత్రలు కుక్కకు ప్రాణాపాయము తేగలవు. మన సబ్బులు ఆమ్లగుణము గల మన చర్మమునకే చాల కటువుగా నుండును. ఆ గుణము తక్కువగా గల కుక్క చర్మమునకు అసలు తగవు. కొట్టుటవలనను, కేకలు వేయుటవలనను భయము పెరిగి నాకుడు హెచ్చునేగాని తగ్గదు.

చేయదగినవి చెప్పెదము. పశువైద్యుడు చర్మమును కొంచెము గీచి సూక్ష్మదర్శినితో చూచినయెడల పురుగులును, సూక్ష్మజీవులును బయటపడును. తిరుపతి, గన్నవరము, రాజేంద్రనగరము మొదలగు చోట్ల పశువైద్య కళాశాలలు కలవు. వైద్యుడిచ్చిన మందును పుండు పైకి మానినంతనే ఆపక, చెప్పినన్ని దినములు వాడవలెను. లోతైన పుండునకు అనేక వారములు పట్టును. మెడకు గరాటువంటి పట్టీ కట్టినచో నోరు పుండునకు అందక చక్రము తెగును. పరుపుగుడ్డలను వేడినీటితో నుదికి యెండవేయవలెను. వానకాలమున బయట తిరిగివచ్చిన వెంటనే పాదములను కడిగి, వ్రేళ్ల సందులను పొడిగుడ్డతో తుడువవలెను. పురుగులమందును కుక్క బరువునుబట్టి వేయవలెను. ఉదయసాయంకాలములు నడిపించి, ఆహారమును అక్కడక్కడ దాచి వెదకునట్లు చేసినయెడల దాని ముక్కునకును మనస్సునకును పని దొరకును.

కుక్క నాకినచో పుండు మానునను నమ్మకము మన జనులలో కలదు. కుక్క లాలాజలమునకు కొన్ని సూక్ష్మజీవులను చంపు శక్తి గలదని 1990లో ప్రయోగమువలన తేలినమాట నిజమే. కాని అదే నోట హానికరములగు ఇతర సూక్ష్మజీవులును వసించును. పిచ్చికుక్క లాలాజలమున రేబిసు విషము వెడలును. కావున మన దేహముమీది గాయమును ఏ కుక్కచేతను నాకింపరాదు. గాయముపై నాకినను, కఱచినను, తోడనే ఆ చోటును సబ్బుతోను ధారగా పాఱు నీటితోను 15 నిమిషములు కడిగి, ఆ దినముననే వైద్యునియొద్దకు పోవలెను. పాశ్చరు 1885లో తొలిసారి బాలునికి ప్రయోగించిన టీకా నేడు మఱింత మెఱుగై లభించుచున్నది. రోగలక్షణములు పొడచూపిన పిదప చికిత్స దాదాపు నిష్ఫలమగును గనుక ఆలస్యము తగదు. పెంపుడుకుక్కకు ముందుగానే టీకా వేయించుట ఇంటివారి విధి.

విద్యార్థులారా, మీ యింట కుక్క నాకుకొనుచున్నయెడల ఒక వారము దినములు దానిని శ్రద్ధతో చూడుడు. ఏ చోట నాకుచున్నది, ఏ వేళల నాకుచున్నది, ఏమి తిన్న తరువాత హెచ్చుచున్నది, ఒంటరిగా నున్నప్పుడా, అందఱిలో నున్నప్పుడా యను విషయములను ఒక పుస్తకమున వ్రాసి, ఆ పుస్తకమును మీ పెద్దలకు చూపి పశువైద్యునియొద్దకు కొనిపొండు. నోరులేని ప్రాణికి మీ వ్రాతయే నోరగును.